ఉపగూహనము – స్థితీకరణము



సమ్యగ్దర్శనమునకు ఎనిమిది అంగములు కలవని సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారమున వివరించిరి. వానిలో ఐదవది ఉపగూహనము, ఆరవది స్థితీకరణము. ధర్మమునకు నింద రాకుండ తోటివాని దోషమును కప్పుట ఉపగూహనము. జారిపోవుచున్నవానిని మరల ధర్మమున నిలబెట్టుట స్థితీకరణము. ఈ రెండింటిని విడదీసినందువలన మన ఇండ్లలో ఎంత కీడు కలుగుచున్నదో విన్నవించుకొందును.

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ మొదలయ్యెను. దుకాణములు మూతపడెను. సరుకు గోదాములలో నిలిచెను; అద్దెలు, వడ్డీలు మాత్రము నిలువలేదు. 2021 వేసవిలో ఆప్తులను కడసారి చూచుకొను భాగ్యమైనను పలువురికి లేకపోయెను. తత్త్వార్థసూత్రము ఆర్తధ్యానమును నాలుగు విధములుగా చెప్పినది: అప్రియమైనది తగులుకొనుట, ప్రియమైనది దూరమగుట, శరీరబాధ, రాబోవు భోగములకై తపించుట. మొదటి మూడును ఆ రోజులలో ఒక్కసారే మన గడప తొక్కినవి. ఆ మొదటి ఏడాదిలోనే ప్రపంచమున ఆందోళన, కుంగుబాటు 25 శాతము పెరిగినవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించినది.

ఆ బాధకు కొందరు మద్యమును, కొందరు గుట్కాను, కొందరు నిద్రమాత్రలను మందనుకొనిరి. సప్తవ్యసనములను చిన్ననాడే వల్లించిన బిడ్డలే! తెలిసియు ఇంటివారేమి చేసిరి? "వానికి ఒంట్లో బాగులేదు" అనిరి. పెండ్లి సంబంధములు తప్పిపోవునని, బజారులో పరపతి పోవునని నోరు మెదపలేదు. ఇదియే ఉపగూహనమని తలచిరి.

కాదు. ఉపగూహనమునకు దృష్టాంతమైన జినేంద్రభక్తుడు మనవంటి వర్తకుడే. బ్రహ్మచారి వేషమున చేరిన దొంగ ఆయన చైత్యాలయమునుండి వైడూర్యమును అపహరించెను. భటులు పట్టుకొనగా, "నేనే తెమ్మంటిని" అని శ్రేష్ఠి ధర్మమును లోకనిందనుండి కాపాడెను. అంతటితో ఊరకుండెనా? పిదప ఏకాంతమున తప్పును తప్పుగా చెప్పి మందలించెను. మనము మొదటి సగము చేసి, రెండవ సగము మరచుచున్నాము.

అయితే మందలింపుతోనే పని తీరదు. మునియైన తరువాత కూడ భార్యనే తలచుచుండిన పుష్పడాలుని వారిషేణముని ఈసడింపలేదు. వెంట నడచి నిలబెట్టెను. అది స్థితీకరణము.

ఒక జాగ్రత్త. "ఈ క్షణమే ప్రత్యాఖ్యానము చేయుము" అని పట్టుబట్టు పెద్దలు కలరు. సంకల్పము మంచిదే. కాని ఏండ్ల తరబడి మితిమీరి త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో చేతులు వణకును, నిద్ర పట్టదు, లేనివి కనిపించును, మూర్ఛలు రావచ్చును. ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును. 2020లో మద్యము దొరకని దినములలో హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇట్టివారు పెద్దసంఖ్యలో వచ్చిరి. కావున వైద్యుని చేయి పట్టుకొనియే వ్రతము చేపట్టవలెను. ప్రభుత్వమువారి టెలి మానస్ సంఖ్య 14416. రేయింబవళ్లు ఉచితముగా, తెలుగులోను మాటలాడవచ్చును. లోకమునకు దాచుడు, వైద్యునికి దాచకుడు.

క్షమాపణ దినమున ఊరందరికి చేతులు జోడింతుము. ఈ ఏడు మొదట, మన ఇంటిలోనే తలుపు వేసికొని కూర్చున్న ఆ బిడ్డ వద్దకు పోవుదము. "నీ బాధ కనుగొనక ఇన్నాళ్లు నీ తప్పునే చూచితిమి, క్షమింపుము" అందము. ఆ తలుపు తెరచుకొనిననాడే మన పండుగ.

జై జినేంద్ర!