వినే కుర్చీ ఎవరిది?

"సైజు కొంచెం పెద్దదే మేడమ్, మీరు ఒప్పుకుంటే సార్‌కి ఇది చాలా బాగుంటుంది" అన్నాడు షాపతను. స్పీకర్లు కొనుక్కోవడానికి వెళ్ళింది నేను. మా ఆయన తోడొచ్చాడంతే.

అతన్ననుకుని ఏం లాభం? ఈ వ్యాపారంలో అంతటా నడిచే హాస్యమే అది. 1983లో 'స్టీరియోఫైల్' అనే అమెరికన్ పత్రికలో 'వైఫ్ యాక్సెప్టెన్స్ ఫ్యాక్టర్' అనే మాట అచ్చయింది. స్పీకరు ఎలా కనిపిస్తే భార్య ఇంట్లోకి రానిస్తుందన్నది దాని లెక్క. అంటే చెవులు అతనివి. ఆమెకున్నవి కళ్ళూ, దుమ్ము తుడిచే చేతులూ మాత్రమే.

నేను వెతికింది ఎక్కువ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ల కోసం. ఒక వాట్ పవర్ ఇస్తే మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందో కొలిచి డెసిబెల్స్‌లో చెప్తారు. ఇళ్ళలో వాడే మామూలు స్పీకరుకి అది 86 దగ్గర ఉంటుంది. 96 ఉన్నదానికి అంతే శబ్దానికి పదోవంతు పవర్ చాలు. ఎనిమిది వాట్ల చిన్న వాల్వ్ ఆంప్లిఫయర్‌తో హాలంతా నిండుతుంది. మామూలు స్పీకరులోకి వెళ్ళిన శక్తిలో ఒక శాతం కూడా శబ్దంగా మారదు, మిగతాదంతా వేడైపోతుంది. ఇది చదివి నవ్వుకున్నాను. ఇళ్ళలో మనం మాట్లాడే మాటల సంగతీ అంతే కదా!

అయితే చిన్న పెట్టె, లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ, మూడూ ఒక్కచోట దొరకవు. ఒకటి వదులుకోవాల్సిందే. పెట్టె చిన్నగా ఉండాలన్న కోరికని వదిలేస్తే? 1946లో పాల్ క్లిప్ష్ తయారీ మొదలుపెట్టిన క్లిప్ష్‌హార్న్‌ని గది మూలకి చేర్చి పెడతారు. ఆ గోడలే దాని హార్న్‌కి కొనసాగింపు. రెండు స్పీకర్లకి రెండు మూలలు కావాలి.

మా హాల్లో ఒక మూల మా అత్తగారి మంచం ఉంది.

దాన్ని వెనక గదిలోకి జరపొచ్చని మనసులో లెక్కేసుకున్నది మా ఆయన కాదు, నేనే. ఆమె ఒప్పుకోకపోతే 'సంగీతం తెలియని మనిషి' అనుకోవడానికి కూడా సిద్ధంగా ఉన్నాను. షాపతని మాటకి అంత కోపం తెచ్చుకున్నదాన్ని, ఆ మాటనే ఇంకో ఆడమనిషికి అప్పగించబోయాను.

సిగ్గేసి, పాతికేళ్ళలో మొదటిసారి అడిగాను. "అత్తయ్యా, మీకు ఎలాంటి పాటలిష్టం?"

"నన్నెవరడిగారే? హాల్లో మీ మావయ్య రేడియో పెట్టుకుంటే, పోపు చప్పుడులో వినబడినంత వినేదాన్ని" అంది.

మూలలు అడగని, 95 డెసిబెల్స్ స్పీకర్లు తెచ్చాను. లోతైన బేస్ కొంత వదులుకున్నాను. వదులుకోవడం ఆడవాళ్ళకి కొత్తా అని మీరు అడగొచ్చు. ఇన్నాళ్ళూ మనల్ని అడక్కుండానే మన వాటా తీసేశారు. ఈసారి ఏం పోతుందో తెలిసి, నేనే తేల్చుకున్నాను. రెంటికీ తేడా లేదంటారా?

రెండు స్పీకర్లకీ సమదూరంలో, సరిగ్గా వినబడే చోట ఒక్క కుర్చీయే పడుతుంది. మధ్యాహ్నం అందులో అత్తయ్య కూర్చుంటుంది. రాత్రి నేను. మా ఆయన తన వంతు ఎప్పుడని అడుగుతున్నాడు.