చిన్న బడి, ఏడాదంతా పండుగ

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో ప్రాథమిక బడికి వరండాయే వేదిక. ఆగస్టు 15న రంగు కాగితాల తోరణాలు, అరచేతిలో చాక్లెట్. అదే నెల 29న గిడుగు రామమూర్తి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. పద్యం మధ్యలో ఆగిపోయిన పాపకు వెనక వరుస మెల్లగా అందిస్తుంది. నవంబరు 14న చొక్కాకు గులాబీ గుచ్చుకున్న బుల్లి నెహ్రూలు. సంక్రాంతి సెలవుల ముందు ముగ్గుల పోటీ.

పిల్లల వేడుకలే కాదు, పెద్దలు బడికొచ్చే రోజూ ఉంటుంది. 2025 జులై 10న రాష్ట్రమంతటా బడుల్లో తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశం జరిగింది. ఈ ఊళ్లున్న జిల్లాలోనే, కొత్తచెరువు సమావేశంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పాల్గొన్నారు.

అయితే హిందూపురం ఫ్యాక్టరీకెళ్లే అమ్మకు, ధర్మవరం పట్టుమగ్గంపై కూర్చునే నాన్నకు ఓ పూట పని మానుకోవడం తేలిక కాదు. వేడుక తేదీ వారం ముందే ఇంటికి చెప్పి పంపితే, బిడ్డ మైకు పట్టే వేళకు ఇద్దరూ ఎదురుగా ఉంటారు.