తప్పిపోయిన ఒక్కడు



1842లో గుంటూరులో బడి పెట్టిన హెయ్యరు దొరగారు 1849లో మన గురజాలకు వచ్చిరి. గుడియు బడియు మనకు తోబుట్టువులు.

నేను క్రొత్తగా ఉపాధ్యాయుడనైతిని. మిరపకోతలకు పోయి పదునైదు దినములకు తిరిగివచ్చిన పిల్లవానిని చూడగానే నా చేయి బెత్తమును వెదకెను. కొట్టరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. అయితే నన్ను ఆపినది చట్టము కాదు, కారపు మంటకు ఎఱ్ఱబారిన వాని వ్రేళ్లు.

లూకా 15వ అధ్యాయములోని కాపరి దొరికిన గొఱ్ఱెను దండింపలేదు, భుజములమీద మోసెను. తక్కినవారి పాఠము ఆలస్యమగునే యని మనస్సు వాదించును. నిజమే. అయినను వెనుకబడినవానిని విడిచి సాగిపోవుట బోధన కాదు.

తలిదండ్రులారా, కోతల కాలమందును పిల్లలను బడికి పంపుడి. ఆలస్యముగా వచ్చినవానిని చేర్చుకొనుట మా వంతు.