పక్షి గురువగునా?

విశ్వమంతయు భగవంతుని పాఠశాల యని పెద్దలు చెప్పుదురు. ఆ పాఠశాలలో పశుపక్ష్యాదులును మనకు గురువులే. అయితే ఆ గురువుల వద్ద మనము నిజముగా పాఠము నేర్చుచున్నామా, లేక మనకు ముందే రుచించిన మాటను వాని నోట పలికించుచున్నామా? ఒక చలనచిత్రము చూచిన పిమ్మట ఈ ప్రశ్న నన్ను విడువక వెంటాడుచున్నది.

అంటార్కిటికా మంచుఖండమున నివసించు ఎంపరర్ పెంగ్విన్ పక్షులను గూర్చి లూక్ జాకే అను ఫ్రెంచి దర్శకుడు రూపొందించిన డాక్యుమెంటరీ 2005లో విడుదలయ్యెను. 'మార్చ్ ఆఫ్ ది పెంగ్విన్స్' అను పేర అది లోకమున ప్రసిద్ధి కెక్కినది. ఆ పక్షుల జీవితము మిక్కిలి ఆశ్చర్యకరమైనది. కఠోరమైన శీతకాలమున తల్లి ఒకే ఒక గ్రుడ్డు పెట్టి, దానిని తండ్రి పాదములపైకి చేర్చి, ఆహారము కొరకు సముద్రమునకు తరలిపోవును. తండ్రి ఆ గ్రుడ్డును పాదములపై నిలుపుకొని, పొట్టక్రింది చర్మపు మడతతో కప్పి, రెండు నెలలకు పైగా కాచుకొని యుండును. సముద్రమును వీడిన నాటినుండి లెక్కించినచో దాని ఉపవాసము సుమారు 115 దినములు. సున్నాకు దిగువ 40 డిగ్రీల చలిలో, పెనుగాలిలో, వేలాది పక్షులు ఒండొంటిని ఆనుకొని గుంపుగా నిలుచును. అంచున నున్నవి లోనికి, లోననున్నవి అంచునకు మెల్లమెల్లగా మారుచుండును. తల్లి తిరిగివచ్చి, అన్ని గొంతుకల నడుమ తన జతగాని పిలుపును గుర్తించి, పిల్లకు ఆహార మందించును. అప్పుడు తండ్రి సముద్రమునకు పోవును.

ఈ చిత్రమును ప్రజలు విశేషముగా ఆదరించిరి. 2006లో దానికి ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ పురస్కారము లభించెను. ఫ్రెంచి కూర్పున పక్షులే మాటలాడునట్లు నటీనటులు పలికిరి. అమెరికా కూర్పునకు మోర్గన్ ఫ్రీమన్, భారతదేశపు కూర్పునకు అమితాబ్ బచ్చన్ వ్యాఖ్యాతలైరి. పక్షి ఒక్కటియే, దానికి మనుజులు ఇచ్చిన గొంతుకలు మాత్రము పెక్కు.

వివాద మచ్చటనే పుట్టినది. అమెరికాలో కొందరు మతాభిమానులు ఈ పక్షులయందు ఏకపత్నీవ్రతమును, ఆదర్శ కుటుంబమును, సృష్టికర్త సంకల్పమునకు నిదర్శనమును గాంచిరి. ఇతరులు వారికి బదులు చెప్పిరి: ఈ జంటలు ఆ ఋతువు మట్టునకే జంటలు, మరుసటి యేట పెక్కు పక్షులు వేరొక జోడును వెదకుకొనును, పిల్లను పోగొట్టుకొన్న తల్లి మరియొక తల్లి పిల్లను లాగుకొనజూచుటయు ఆ చిత్రముననే కలదు. తన చిత్రమును ఇట్టి వాదములకు వాడుకొనుట దర్శకునికే సమ్మతము కాలేదు. ఆ పక్షి మాత్రము ఏ వాదమును ఎరుగక మంచుపై నడచుచునే యున్నది.

దూరదేశపు వారిని చూచి నవ్వుట సులభము. నేను చేసిన పనిని చెప్పినచో పాఠకులు నన్నును చూచి నవ్వవచ్చును.

మా కొత్తగూడ మహబూబాబాద్ జిల్లాలో పాకాల అడవుల చేరువనున్న ఊరు. ఉపాధ్యాయ వృత్తినుండి విశ్రాంతి పొందిన పిదప ఒకనాటి సాయంకాలము ఇరుగుపొరుగు పిల్లలకు నే నీ చిత్రమును చూపితిని. ఇద్దరు మనుమలను వెంటబెట్టుకొని ఒక అవ్వయు వచ్చి కూర్చుండెను. ఆమె కొడుకును కోడలును హైదరాబాదులో ఇండ్లు కట్టు పనికి పోయి రెండేండ్లయినది. తండ్రి పక్షి మంచుగాలిలో నిలిచియున్న ఘట్టము రాగానే నే నామెతో, "చూసినవా అవ్వా! నోరులేని పక్షి పిల్ల కోసం ఎట్ల నిలబడ్డదో! నీ కొడుకేమో పిల్లలను నీ మీద వదిలి పోయిండు" అంటిని.

ఆమె నొచ్చుకొనలేదు. నెమ్మదిగా ఇట్లనెను: "నిలబడ్డదాన్నే చూసినవా సారూ? ఇంకోటి సముద్రానికి పోయింది గద. తిండి తెచ్చేతందుకే పోయింది. నా కొడుకు గూడ గట్లనే పోయిండు. ఆడ వాడు కష్టపడుతున్నడు, ఈడ నేను నిలబడ్డ."

నాకు నోట మాట రాలేదు. ఇద్దరమును చూచినది ఒకే చిత్రము. ఆ కొడుకు తప్పు చేసినాడని నే నంతకు మునుపే తీర్పు చెప్పుకొని యుంటిని. ఆ తీర్పునకు సాక్షి కావలసివచ్చి పక్షిని పిలిచితిని. ఆ పక్షుల బ్రతుకులో సగభాగమును, వెడలిపోయిన తల్లి నడకను, నా కన్ను చూడనే లేదు.

ఆ రాత్రి నాకు భాగవతమందలి అవధూత స్మరణకు వచ్చినాడు. మహాకవి పోతన పేరుతో ముడిపడిన బమ్మెర గ్రామము మాకు దూరము కాదు. జనగామ జిల్లాలోనే యున్నది. ఆంధ్ర మహాభాగవతమున ఏకాదశ స్కంధమును తెనిగించినవాడు ఆయన శిష్యుడైన వెలిగందల నారయ. అందు యదుమహారాజునకు అవధూత తన యిరువదినలుగురు గురువులను గూర్చి చెప్పును. భూమి, గాలి, ఆకాశముతోపాటు పావురము, కొండచిలువ, తేనెటీగ, మిడుత, చేప, లేడి మొదలగునవి ఆ గురువులు.

ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. పిల్లలు వలలో చిక్కగా వానిపై మోహముచేత తల్లిపావురమును, ఆ వెనుక తండ్రిపావురమును తామును వలలో పడినవి. దానినుండి అవధూత అతి మమకారము తగదని నేర్చుకొనెను. మహాభారత శాంతిపర్వమున మరియొక పావురము తన భార్యను పట్టుకొన్న వేటగానినే అతిథిగా భావించి, అతని ఆకలి తీర్చుటకై అగ్నిలో ప్రవేశించెను. అది త్యాగమునకు పాఠము. తేనెటీగ ఒక్కటియే రెండు పాఠములు చెప్పినది: పలుపూవులనుండి కొంచెము కొంచెముగా సారమును గ్రహింపుమనునది ఒకటి, కూడబెట్టవలదనునది రెండవది.

కావున పక్షియందు ధర్మము వ్రాసిపెట్టబడి లేదు. నేర్చువాని వివేకమే దానిని గురువుగా చేయుచున్నది. అవధూత ఆ జీవులను చూపి ఎవ్వరిని నిందింపలేదు. తన్ను తాను దిద్దుకొనెను. గురువునకును సాక్షికిని భేద మిదియే. సాక్షిని పరుని దోషము నిరూపించుటకు పిలుతుము. గురువు మొదట మన దోషమును చూపును.

మరియొక సత్యమును మరువరాదు. పెంగ్విను తన స్వభావము చొప్పున నిలుచును. విడిచిపోవుటయా, నిలుచుటయా అను విచారణ మనుజునకే కలదు. అందుచేతనే మనుజుని ఓర్పు తపస్సగును. వయస్సు మీరిన ఆ అవ్వ "నావల్ల కాదు" అని యుండవచ్చును, అయినను నిలిచినది. నేను వెదకిన తపస్సు అంటార్కిటికాలో గాక నా ప్రక్కనే చాపమీద కూర్చుండి యున్నది.

ఆ గుంపులో పక్షులు చలిగాలి వీచు అంచున వంతులవారీగా నిలుచునని చెప్పితిని. మరునాటినుండి సాయంకాలములందు ఆ పిల్లలిద్దరికిని నేను చదువు చెప్పుచున్నాను. ఆ కొంతసేపు అవ్వ నడుము వాల్చును. పక్షి నాకు గురువయినదో లేదో ఆ పరమాత్మునికే ఎరుక. అవ్వ మాత్రము అయినది.