నీళ్లు ఆపింది ఎవరు?

లెబనాన్‌లో హిజ్బుల్లాను నడిపిన హసన్ నస్రల్లా గురించి రాసేవాళ్లు రెండే రకాలు. ఒకరికి ఆయన ఉగ్రవాది, ఇంకొకరికి షహీద్. సోషల్ మాస్టారుగా రిటైరైన నాకు ఆ రెండూ ఒక మార్కు జవాబుల్లాగే కనబడతాయి. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. కర్బలా కథ చెప్పి జనాన్ని ఏడిపించే మౌలానా చేతికే సైన్యం వస్తే, ఆ కథ ఏమైపోతుంది?

ఈ ప్రశ్న నాకెందుకంటారా? మాది శంషాబాద్ పక్క పల్లె. విమానాశ్రయం కోసం దాదాపు 5,500 ఎకరాలు పోగా మిగిలిన ఊళ్లలో ఒకటి. 2008 నుంచి నెత్తి మీద విమానాలు తిరుగుతున్నా మొహర్రం వస్తే పీర్లు లేవాల్సిందే. దట్టీలు కట్టేదీ, అలావ గుండం చుట్టూ ఆడేదీ, మలీదా పంచేదీ ఎక్కువగా మావాళ్లే. హసన్, హుసేన్ అన్నదమ్ములనీ, తమ్ముణ్ని నీళ్లివ్వకుండా చంపారనీ మా అమ్మ చెప్పేది. అది కర్బలా అనీ, క్రీస్తుశకం 680 అనీ, చంపించిన రాజు యజీద్ అనీ ఆమెకు తెలియదు. దాహం సంగతి తెలుసు. అందుకే పీర్ల ముందు బెల్లం పానకం పోసేవాళ్లం. పాతబస్తీలో అదే పని సబీళ్లనే చలివేంద్రాల దగ్గర జరుగుతుంది. దబీర్‌పురాలో బీబీ కా ఆలం ఏనుగు మీద బయలుదేరే రోజున దారి పొడుగునా ఎవరొచ్చినా నీళ్లు, షర్బత్ ఇస్తారు. మతం అడగరు.

ఇక నస్రల్లా. 1960లో బేరూత్ తూర్పు శివార్లలోని పేదల వాడలో పుట్టాడు. తండ్రి కూరగాయలు, పండ్లు అమ్ముకునేవాడు. కుర్రాడిగా ఉన్నప్పుడే చదువు కోసం ఇరాక్‌లోని నజఫ్ చేరాడు. అక్కడ అబ్బాస్ మూసావీ అనే తోటి లెబనాన్ మౌల్వీ గురువయ్యాడు. అక్కడి బాత్ పార్టీ ప్రభుత్వం తరిమేస్తే 1978లో తిరిగొచ్చాడు. 1982లో ఇజ్రాయెల్ లెబనాన్ మీదికి వచ్చింది, ఇరాన్ అండతో హిజ్బుల్లా పుట్టింది. 1992 ఫిబ్రవరిలో, అప్పటికి హిజ్బుల్లా నాయకుడైన మూసావీని భార్యాబిడ్డతో సహా ఇజ్రాయెల్ హెలికాప్టర్లు చంపాయి. ఆ కుర్చీలో ముప్పై ఒక్క ఏళ్ల నస్రల్లాను కూర్చోబెట్టారు.

మతపాండిత్యంలో ఆయన అంత పెద్దవాడేమీ కాడు. ఫత్వాలిచ్చే మర్జా స్థాయికి చాలా మెట్లు కింద. సయ్యద్, అంటే ప్రవక్త వంశస్థుడు గనక నల్ల తలపాగా. బలమంతా గొంతులో ఉండేది. 1997లో పద్దెనిమిదేళ్ల పెద్దకొడుకు హాదీ ఇజ్రాయెల్ సైనికులతో పోరులో చచ్చిపోతే, ఇక అమరుల తల్లిదండ్రుల ముఖం తలెత్తి చూడగలనన్న అర్థంలో మాట్లాడాడు. ఏ మంత్రి కొడుకు సరిహద్దులో ఉన్నాడో వెతుక్కునే మన బోటివాళ్లకు ఆ మాట తగలక మానదు. 2000 మేలో ఇజ్రాయెల్ దక్షిణ లెబనాన్ వదిలి వెళ్లినప్పుడు అరబ్బు దేశాల్లో ఎందరో ఆయనకు సలాం కొట్టారు. అప్పటికి కథ కథలాగే ఉంది: అటు బలవంతుడు, ఇటు బక్కవాడు.

ఆ తర్వాతే పాత్రలు తారుమారయ్యాయి. 2006లో హిజ్బుల్లా వాళ్లు ఇద్దరు ఇజ్రాయెల్ సైనికులను ఎత్తుకొచ్చారు. యుద్ధం వచ్చింది. లెబనాన్‌లో దాదాపు 1,200 మంది, ఇజ్రాయెల్‌లో దాదాపు 160 మంది పోయారు. ఇంత యుద్ధం వస్తుందని ఒక్క శాతం అనుకున్నా ఆ పని చేయించేవాణ్ని కాదని ఆయనే టీవీలో అన్నాడు. ఒప్పుకున్నందుకు మెచ్చుకుంటాను. కానీ ఆ చచ్చినవాళ్లను ఎవరడిగారు? 2008లో హిజ్బుల్లా సొంత టెలిఫోన్ లైన్ల మీద లెబనాన్ ప్రభుత్వం చెయ్యి వేయబోతే, దాని తుపాకులు బేరూత్ వీధుల్లోకే వచ్చాయి.

2013లో హిజ్బుల్లా సిరియా అంతర్యుద్ధంలోకి దిగింది. డమాస్కస్ దగ్గర హుసేన్ చెల్లెలు జైనబ్ దర్గా ఉంది. దాన్ని కాపాడాలన్నారు. ఆ భయం ఉత్తదని నేననను, దర్గాలను పేల్చేవాళ్లు అక్కడ నిజంగానే ఉన్నారు. కానీ కాపాడటానికి పోయినవాళ్లు అప్పటి సిరియా పాలకుడు అసద్ సైన్యంతో కలిసి 2015 జులైలో సరిహద్దు దగ్గరి మదాయా అనే ఊరిని చుట్టుముట్టారు. ఆ చలికాలంలో జనం ఆకలితో చచ్చారు. ఎముకల గూళ్లయిన పిల్లల ఫొటోలు 2016 జనవరిలో లోకమంతా చూసింది. తప్పు తమది కాదనీ, లోపలున్న సాయుధులే జనాన్ని బందీలు చేశారనీ హిజ్బుల్లా అంది. ముట్టడి ఉందన్నది మాత్రం దాచలేనిది. కర్బలాలో ఫరాత్ నది ఒడ్డున కాపలా పెట్టిందెవరో, హుసేన్ కొడుకు, ఆరు నెలల పసివాడి గొంతు ఎండిందెందుకో ఏటా పది రోజులు చెప్పుకునేవాళ్లు, ఆ ఊరి చుట్టూ కాపలా నిలబడ్డ పూట ఏమనుకున్నారు? నాకు ఇది రాజకీయాల ప్రశ్నలా అనిపించదు. మా ఊరి పానకం దగ్గర పుట్టిన ప్రశ్న.

నాతో పనిచేసిన ఉర్దూ మాస్టారు దారుల్‌షిఫాలో ఉంటారు. ఆయన కర్బలా జియారత్‌కు, అంటే యాత్రకు, వెళ్తుంటే ఎయిర్‌పోర్టులో కలిశాను, మా ఇంటికి దగ్గరే కదా. నల్లబట్టల్లో పెద్ద గుంపు, వీల్‌చైర్లలో ముసలమ్మలు. ఊరుకోలేక అడిగాను. "సాబ్, నస్రల్లా మౌలానానా, కమాండరా?"

"కమాండరైతే లెక్క అడగొచ్చు సార్. మౌలానాను అడిగితే దీన్‌నే అడిగినట్టవుతుంది. అక్కడే వచ్చింది చిక్కు."

ఆయన ఇంట్లో నజఫ్‌లో ఉండే మర్జా సిస్తానీ మాట చెల్లుతుంది. ఇరాక్‌లో మౌల్వీలు మంత్రి పదవులకు దూరంగా ఉండాలన్న పెద్దాయన ఆయన. అలాగని చేతులు కట్టుకు కూర్చోలేదు. 2014లో ఐసిస్ మోసూల్‌ను పట్టుకోగానే జనాన్ని ఆయుధం పట్టమని పిలుపిచ్చాడు. ఆ పిలుపే ఎన్నో ముఠాలకు అండ అయిందన్నదీ నిజం. లెబనాన్‌లోనూ వేరే గొంతులున్నాయి. 2001లో కన్నుమూసిన షేక్ మొహమ్మద్ మెహదీ షంసుద్దీన్, షియాలు ఏ దేశంలో ఉంటే ఆ దేశపు పౌరులుగా కలిసిపోవాలని చెప్పిపోయాడు. హిజ్బుల్లా మొదటి ప్రధాన కార్యదర్శి సుభీ తుఫైలీయే సిరియా యుద్ధాన్ని బాహాటంగా తిట్టాడు. వాళ్ల చేతుల్లో రాకెట్లు లేవు, అందుకే పేర్లు మనదాకా రాలేదు.

ఉర్దూ మాస్టారు ఇంకో మాటన్నారు. "పెద్ద ఇమామ్ హసన్ యజీద్ తండ్రి ముఆవియాతో సుల్హ్ చేసుకున్నారు సార్, రక్తపాతం ఆపాలని. అదీ ఇమామ్ చేసిన పనే. మజ్లిస్‌లో ఆ సుల్హ్ చెబితే మాత్రం ఎవరికీ ఏడుపు రాదు." మా ఊళ్లోనూ అంతే. పీర్లలో హసన్ పీరు ఉంటుంది, ఆయన చేసుకున్న సంధి కథ మాకెవరూ చెప్పలేదు.

2024 సెప్టెంబర్ 27న దక్షిణ బేరూత్‌లో భూమి కింది స్థావరం మీద ఇజ్రాయెల్ బాంబుల వాన కురిపించి నస్రల్లాను చంపింది. పైనున్న ఇళ్లు కూలి, ఆయన ఎవరో ఏమిటో పట్టనివాళ్లూ పోయారు. ఆ పాపం బాంబు వేసినవాళ్లది. జనం ఇళ్ల కింద స్థావరం పెట్టినవాళ్లకూ అందులో వాటా ఉంది. వారం తిరక్కుండా, వారసుడనుకున్న హాషిం సఫియుద్దీన్‌నూ చంపారు. అక్టోబర్ ఆఖరున నయీం ఖాసిం ఆ కుర్చీలోకి వచ్చాడు. తెల్ల తలపాగా, ఒకప్పటి కెమిస్ట్రీ టీచరు. 2025 ఆగస్టులో ఆయుధాలు సైన్యం దగ్గరే ఉండేట్టు ప్లాను వేయమని లెబనాన్ మంత్రివర్గం తీర్మానిస్తే, అవసరమైతే కర్బలా యుద్ధమే చేస్తామన్నాడు. దక్షిణ లెబనాన్‌లో కూలిన ఇళ్ల దగ్గర డేరాలేసుకున్న పొగాకు రైతులకు ఏ ఇమామ్ దారి కావాలో ఆ మాట అనేముందు ఎవరైనా అడిగారా?