ఏ నొప్పికి ఆ పేరు పెట్టు

తల్లీ, రేపటి నుంచి నువ్వు ఫిజియోథెరపీకి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "ఏముంది, కాసేపు కరెంటు పెట్టి పంపిస్తారు" అన్నావట. అంతేనని నేనూ ఒకప్పుడు అనుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ రోజు కబడ్డీలో నిన్నెవరూ తొయ్యలేదు. రైడ్‌కి వెళ్ళి గిరుక్కున వెనక్కి తిరిగావు. పాదం మ్యాటుకి అతుక్కుపోయింది, ఒళ్ళు తిరిగిపోయింది, మోకాట్లో టప్పుమంది. తెగింది ఏసీఎల్. తొడ ఎముకకీ కింది కాలి ఎముకకీ మధ్య మోకాలి లోపల ఉండే తాడులాంటిది. డాక్టరుగారు నీ తొడ వెనకనుంచే ఒక పోగు తీసి దాని స్థానంలో కొత్తది వేశారు. ఆయన పని అయింది. ఇక ఆ కాలికి నడవడం, మెట్లు దిగడం, ఎగిరి దూకడం మళ్ళీ నేర్పాల్సింది నువ్వే.

మొదటి రోజు వ్యాయామం కన్నా ప్రశ్నలే ఎక్కువుంటాయి. దెబ్బ ఎలా తగిలింది, ఆపరేషన్ ఎప్పుడైంది, ఇంట్లో మెట్లున్నాయా, బాత్‌రూమ్ ఎలాంటిది, మళ్ళీ ఆడాలనుందా అని అడుగుతారు. ఆపరేషన్ కాగితాలు తీసుకెళ్ళు, ఎందుకంటే తాడుతో పాటు మోకాట్లో ఇంకేమైనా కుట్టారా అన్నదాన్నిబట్టి ఎంత బరువు మోపాలో, ఎంత వంచాలో మారిపోతుంది. ముందు బాగున్న కాలిని చూస్తారు, కంగారు పడకు. దానితో పోల్చే రెండోది ఎంత వెనకబడిందో చెప్తారు. మీ స్కూలు జామెట్రీ బాక్సులోని కోణమానినికి రెండు చేతులు తగిలించినట్టు ఒక స్కేలు ఉంటుంది, దానితో మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో కొలుస్తారు. టేపుతో తొడ చుట్టుకొలత తీస్తారు. నీ తొడ చిక్కిపోయి ఉంటుంది. అది చూసి ఏడవకు. ఆపరేషన్ అయిన ప్రతివాళ్ళకీ అంతే.

వదులుగా ఉండే పొట్టి ప్యాంటు వేసుకెళ్ళు. మోకాలు కనపడకుండా ఎవరూ వైద్యం చెయ్యలేరు. మగ ఫిజియో అయితే ఇబ్బందిగా ఉందనుకుంటే అమ్మని పక్కన కూర్చోబెట్టుకో, లేదంటే ఆడ ఫిజియో ఉన్నారా అని అడుగు. అడగడంలో తప్పేమీ లేదు.

ఇక నేను చెప్పాలని కూర్చున్న అసలు మాట. నొప్పి పదికి ఎంత అని అడుగుతారు. అంకె చెప్పు, అక్కడితో ఆపెయ్యకు. మీ అమ్మమ్మ మాటలు గుర్తు తెచ్చుకో. మోకాళ్ళు పీకుతున్నాయనేది. పన్ను సలుపుతోందనేది. కాలు తిమ్మిరెక్కిందనేది. వేటికవే వేరు. వంచేటప్పుడు మోకాటి ముందువైపు బిగుతుగా లాగుతోందని చెప్తే, బిగిసిన చోటు సాగుతోందని ఫిజియోకి తెలుస్తుంది. ఆ లాగుడు కొంత ఓర్చుకోవాల్సిందే. కీలు లోపల చురుక్కున పొడిచిందంటే అక్కడే ఆపిస్తారు. రాత్రి పడుకున్నాక సలిపిందంటే ముందురోజు పని ఎక్కువైందేమోనని చూస్తారు. కోత పక్కన చర్మం మొద్దుబారినట్టుందని కూడా చెప్పు. ఈ ఆపరేషన్‌లో అది చాలామందికి ఉంటుంది. నువ్వు "ఏం లేదండీ, బాగానే ఉంది" అంటే మాత్రం ఆయనకు ఏదీ తెలియదు.

ఆ మాట నేనన్నాను, తల్లీ. తులసికోట దగ్గర జారిపడి కుడి మణికట్టు విరిగినప్పుడు ఆరు వారాలు కట్టు ఉంచారు. కట్టు విప్పాక వ్యాయామానికి పంపారు. ఆ కుర్రాడు చేయి తిప్పుతూ "నొప్పిగా ఉందా అమ్మా?" అనేవాడు. ప్రాణం పోతున్నా "లేదు బాబూ" అనేదాన్ని. చిన్నప్పటినుంచి ఆడపిల్ల ఓర్చుకోవాలని పెంచారు కదా. లేదన్నాను కాబట్టి ఇంకాస్త తిప్పేవాడు. సాయంత్రానికి చేయి వాచేది. నాలుగు రోజులు అలా గడిచాక భయమేసి, ఇంట్లో చుట్టాలున్నారని చెప్పి మానేశాను. ఇప్పటికీ నా కుడి అరచేయి పూర్తిగా పైకి తిరగదు. గుళ్ళో తీర్థం పోస్తుంటే సగం పక్కకి జారిపోతుంది. మోచేయి ఒంటికి అదిమి, ఒళ్ళు పక్కకి వంచి పట్టుకుంటాను. నువ్వు చూశావు, ఎందుకలా అని ఎప్పుడూ అడగలేదు. ఇదీ కారణం. నీ మోకాలికి ఆ గతి పట్టకూడదు.

రేపు చేయించేది నీకు మరీ చిన్న పనిలా కనిపిస్తుంది. కాలు చాపి, మోకాటి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని మంచంలోకి అదమమంటారు. ఐదు లెక్కపెట్టేదాకా అలాగే పట్టి ఉంచాలి. నువ్వు అదుముతావు, ఏమీ కదలదు. మోకాట్లో వాపు ఉన్నంతకాలం తొడ ముందు కండకి కబురు సరిగ్గా అందదు, నిద్రపోయినట్టుంటుంది. అరచేయి మోకాటి చిప్పకి పైన, లోపలివైపు పెట్టుకుని చూడు. ఒకరోజు అక్కడ కండ కొద్దిగా బిగిసి చేతికి తగులుతుంది. ఆ రోజు నాకు ఫోన్ చెయ్యి. ఆ కండని లేపడానికి కరెంటు పెడతారు, మంచిదే. నువ్వు బిగిస్తూ ఉండగా పెడితేనే ఫలితం. వైర్లు తగిలించి, ఒక్క వ్యాయామమూ చేయించకుండా రోజూ పంపించేస్తుంటే మాత్రం ఎందుకని గట్టిగా అడుగు.

మోకాటి కింద దిండు పెట్టుకుని పడుకుంటే హాయిగా ఉంటుంది. మీ అమ్మ ప్రేమకొద్దీ పెడుతుంది కూడా. పెట్టనివ్వకు. వంగిన మోకాలు వంగినట్టే బిగిసిపోతుంది, తర్వాత కుంటు వస్తుంది. మొదటి వారాల్లో వంగడం కన్నా కాలు పూర్తిగా చాపుకోగలగడం ముఖ్యం. పెడితే దిండు మడమ కింద పెట్టు, మోకాలు గాల్లో ఉండేలా. ఎవరైనా నూనెతో గట్టిగా మర్దన చేస్తానంటే వద్దను, వాళ్ళు ఎంత అనుభవమున్నవాళ్ళైనా సరే.

క్లినిక్‌లో ఉండేది ఓ ముప్పావుగంట. మిగిలిన రోజంతా ఇంట్లోనే కదా, అసలు వైద్యం అక్కడే. రోజుకి మూడుసార్లంటే మూడుసార్లు చెయ్యి. పొద్దున లేవగానే మోకాలు చూసుకో. ముందురోజు నొప్పి తగ్గిపోయి ఉంటే సరిపోయింది. వాపు పెరిగి ఉంటే ఆ సంగతి చెప్పు, పని తగ్గిస్తారు. పిక్క వాచి, వేడిగా ఉండి, ముట్టుకుంటే నొప్పెట్టినా, జ్వరం వచ్చినా, కోత దగ్గర చీము కనిపించినా ఫిజియో దాకా ఆగొద్దు, డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఉన్నట్టుండి ఆయాసం వస్తే వెంటనే ఆస్పత్రికి.

రెండు మూడు నెలలయ్యాక నొప్పి పెద్దగా ఉండదు. నాకు ఎక్కువ బెంగ అప్పటి గురించే. కొత్తగా వేసిన పోగు ఒంట్లో కలిసిపోవడానికి నెలల తరబడి సమయం పడుతుంది. మధ్యలో, సరిగ్గా నీకు బాగున్నట్టనిపించే ఆ రోజుల్లోనే, అది వేసిననాటికన్నా బలహీనంగా ఉంటుంది. నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో ఒక లెక్క చెప్పారు. తొమ్మిది నెలల వరకు ఆటకి వెళ్ళడం ఎన్ని నెలలు ఆపితే, ఒక్కో నెలకి మోకాలు మళ్ళీ దెబ్బతినే ప్రమాదం దాదాపు సగం చొప్పున తగ్గిందట. జిల్లా జట్టు ఎంపికలున్నాయని మీ కోచ్ పిలిచినా సరే, తొమ్మిది నెలలు నిండాలి, రెండు కాళ్ళ బలం దాదాపు సమానమవ్వాలి, ఒంటికాలిమీద దూకే పరీక్షలు నెగ్గాలి. ఆయనకు ఇదంతా నన్ను చెప్పమంటే చెప్తాను, నాకు మొహమాటం లేదు.

మధ్యలో విసుగొస్తుంది. ముందుకు కదిలినట్టే ఉండని వారాలు ఉంటాయి. అప్పుడు మొదటిరోజు రాసిచ్చిన డిగ్రీల కాగితం తీసి చూసుకో. అందుకే దాన్ని పారెయ్యొద్దు.

ఆదివారం వస్తున్నాను, నా కుట్టుపని టేపు తెస్తాను. నీ తొడ కొలిచి వంటింటి క్యాలెండర్ మీద రాద్దాం. ఈలోగా రేపు ఆయన "ఎలా ఉంది?" అన్నప్పుడు ఏం చెప్పావో, సరిగ్గా ఏ మాటతో చెప్పావో, సాయంత్రం నాకు చెప్పు.

మీ పెద్దమ్మ