పండగరోజుతో పనిరోజును తూచకు

నాన్నా,

పోయిన ఆదివారం ఫోన్లో "అత్తా, వచ్చేయమంటావా, ఉండిపోమంటావా?" అని అడిగావు. అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. వారం రోజులు ఆలోచించి ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వూ కోడలూ కాగితం మధ్య గీత గీసి ఒకవైపు అమెరికా, ఒకవైపు ఇండియా అని రాసుకుంటున్నారన్నావు. చదివి వినిపించావు కూడా. ఇండియా వైపు రాసినవన్నీ డిసెంబరు సెలవుల్లో మూడు వారాలు నువ్వు చూసినవి: అమ్మ చేతి గారెలు, అరుగు మీద కబుర్లు, పిల్లని ఎత్తుకు తిప్పే బంధువులు. అమెరికా వైపు రాసినవన్నీ సోమవారం నాటి సంగతులు: మంచు ఎత్తిపోయడం, గిన్నెలు కడుక్కోవడం, రాత్రి పదింటికి మీటింగు. పండగరోజునీ పనిరోజునీ ఒకే తక్కెట్లో వేశావురా. పనిరోజుతో పనిరోజునే తూచాలి.

న్యూజెర్సీలో మీ ఇంట్లో ఆరు నెలలున్నాను కదా. రోజూ పొద్దున పాపని బస్సు దాకా దిగబెట్టేదాన్ని. ఆ పసుపుపచ్చ బస్సు ఆగగానే పక్కనుంచి ఎర్రటి పలక తెరుచుకునేది. అటు కార్లు అటే, ఇటు కార్లు ఇటే నిలబడిపోయేవి. పోలీసు లేడు, హారను లేదు. మన ఎనిమిదేళ్ల పిల్ల బస్సెక్కి, ఆ పలక మూసుకునేదాకా ఒక్కరూ కదిలేవారు కాదు. ఎవరి పిల్ల, ఏ దేశం పిల్ల అని అడగని మర్యాద అది. అది నీ కాగితంలో లేదు. రాసుకో.

మొన్న వానాకాలంలో మీ అమ్మ రాత్రిపూట స్నానాలగదిలో జారిపడింది. నేను 108కి ఫోను చేసేలోపే ఎదురింటి అబ్బాయి లుంగీతోనే పరుగెత్తుకొచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లి ఆటో ఎక్కించాడు. తెల్లారేదాకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. అదీ రాసుకో. కానీ అది తెనాలిలో మన వీధి, నాన్నా. నువ్వు వచ్చేది హైదరాబాదు కొండాపూర్లో ఇరవయ్యో అంతస్తుకి. అక్కడినుంచి అమ్మ దగ్గరికి రైల్లో ఐదారు గంటలు. అక్కడ ఎదురింటివాళ్లు ఎవరో, వాళ్లతో నువ్వెలా మసలుకోవాలో కూడా లెక్కలో వేసుకో.

జీతాన్ని డాలరుకి ఎనభై, తొంభై చొప్పున గుణించకు. అక్కడ డాలరుకి వచ్చే సరుకు ఇక్కడ సగటున ఇరవై రూపాయల పైచిలుకుకే దొరుకుతుందని ప్రపంచ బ్యాంకు లెక్క. అయితే హైదరాబాదులో ఫ్లాటుకీ, మంచి స్కూలు ఫీజుకీ ఆ లెక్క పనికిరాదు. ఇక్కడ వంటమనిషీ, డ్రైవరూ చవగ్గా దొరుకుతారంటే వాళ్ల కూలి తక్కువ కాబట్టి. వస్తే ఆ సంగతి గుర్తుపెట్టుకుని జీతాలు సరిగ్గా ఇవ్వు.

2025 ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి పట్టికలో అమెరికాది 17వ స్థానం, మనది 130. సగటు ఆయుర్దాయం వాళ్లకి 79 ఏళ్లు, మనకి 72. కొట్టిపారేసే తేడా కాదది. కానీ అవి దేశం మొత్తానికి సగటులు, మీ ఇంటివి కావు. మీ ఇంట్లో లెక్క వేరు. నీది హెచ్-1బి వీసా. ఉద్యోగం పోతే 60 రోజుల్లో మరోటి వెతుక్కోవాలి, ఉద్యోగంతోపాటే ఇన్సూరెన్సూ పోతుంది. గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న పరిమితివల్ల మనవాళ్ల వరస ఏళ్ల తరబడి కదలదు. సొంత ఇంట్లో ఉంటూ కూడా మీరు కొత్త సోఫా కొనడానికి వెనకాడటం నేను కళ్లారా చూశాను. ఆ బెంగ కూడా జీవన ప్రమాణంలో భాగమే.

అందుకే నా మాట విను. ఈసారి డిసెంబరులో రాకు. పాప స్కూలుకి సెలవులివ్వగానే జూన్ ఆఖర్లో రా. ఆఫీసు ఒప్పుకుంటే ఇక్కడినుంచే పని చేసుకో. ట్రాఫిక్‌లో గంటసేపు ఇరుక్కో. పాపని రెండు స్కూళ్లకి తీసుకెళ్లి అడ్మిషన్ అడుగు. అమ్మని మోకాళ్ల డాక్టరుకి చూపించి, చీటీ పట్టుకుని నీ వంతు కోసం కూర్చో. అప్పుడు కోడలి మనసులో ఏముందో కూడా అడుగు. ఇక్కడికొస్తే ఎక్కువగా మారేది తన రోజే.

ఆ తర్వాత ఏం తేల్చుకున్నా నాకు సంతోషమే. తేల్చుకున్నాక మాత్రం పిల్ల ముందు "అక్కడైతేనా" అన్న మాట ఎత్తకండి. తను పెరిగే ఊరు తక్కువదని పసిమనసుకి ఎక్కకూడదు.

జూన్‌లో ఉక్కపోస్తుంది, కరెంటు పోతుంది. ఆవకాయ జాడీ తీసి ఉంచుతాను. రా.

నీ మేనత్త